నల్లరేగడి ప్లాట్‌లో రబ్బిష్ తోలిస్తే సరిపోతుందా?

"నల్లరేగడి ప్లాటా? టెన్షన్ వద్దు. పాత ఇల్లు కూల్చిన రబ్బిష్ తోలించండి, నేల గట్టిపడుతుంది. అందులోని సిమెంటు నీళ్లు తగిలితే మళ్లీ పట్టుకుంటుంది. ఎలాంటి రబ్బిష్ అయినా పర్లేదు, ఖర్చూ లేదు." ఇల్లు కట్టబోయేవాళ్ల మధ్య తెగ తిరుగుతున్న సలహా ఇది. భవన వ్యర్థాలతో మట్టిని బాగుచేయవచ్చు, చేయాలి కూడా. కానీ ఇలా కాదు.

నల్లరేగడిని ఉబ్బించేది మాంట్‌మొరిల్లొనైట్ అనే ఖనిజం. దాని పొరల మధ్యకు నీరు చేరితే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. పైన పోసిన ఇటుక ముక్కలు ఈ గుణాన్ని మార్చవు. పైగా ముక్కల సందుల్లో వాననీరు నిలిచి కింది మట్టిలోకే దిగుతుంది. ఐఐటీ బొంబాయిలో ఆర్.కె. కట్టి అనే ప్రొఫెసర్ చేసిన పరిశోధనల నుంచి వచ్చిన పద్ధతిలో నల్లమట్టి మీద పరిచేది రాళ్లూ రప్పలూ కాదు, బంక ఉండి కూడా ఉబ్బని మట్టి. వ్యర్థాలనే వాడాలంటే మెత్తగా నలగ్గొట్టి, మట్టిలో సమంగా కలిపి, తగిన తేమతో రోలర్ తిప్పాలి. అప్పుడు బంకమట్టి వాటా తగ్గి ఉబ్బూ తగ్గుతుంది.

పాత సిమెంటు చాలావరకు ఎప్పుడో గట్టిపడిపోయింది. పొడిలో మిగిలే పట్టు కొంచెమే. అందుకే చాలాసార్లు దానికి తోడు కొద్ది శాతం సున్నమో సిమెంటో కలుపుతారు.

"ఎలాంటి రబ్బిష్ అయినా" అన్న మాట మరీ ప్రమాదం. ఇప్పటి ఇళ్లలో పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) సీలింగులు ఎక్కువ. అది జిప్సమ్, అంటే సల్ఫేట్. సున్నం, బంకమట్టిలోని అల్యూమినా, నీరు దానికి తోడైతే ఎట్రింగైట్ అనే స్ఫటికాలు పుట్టి మట్టిని మళ్లీ ఉబ్బిస్తాయి. అమెరికాలోని లాస్ వేగాస్‌లో సల్ఫేట్ ఉన్న నేలకు సున్నం కలిపి వేసిన స్టీవర్ట్ అవెన్యూ రోడ్డు ఇలాగే ఉబ్బి పాడైంది.

ఖర్చు లేదన్నదీ నిజం కాదు. కలప, ప్లాస్టిక్, పీఓపీ ఏరడానికీ నలగ్గొట్టడానికీ డబ్బవుతుంది. హైదరాబాద్‌లో జీడిమెట్ల, ఫతుల్లగూడల్లో ప్లాంట్లు పెట్టింది ఆ పనికే.

తోలించే ముందు ల్యాబ్‌లో ఫ్రీ స్వెల్ పరీక్ష చేయించండి. జల్లించి ఆరబెట్టిన మట్టిని 10 గ్రాముల చొప్పున ఒక జాడీలో నీళ్లలో, మరోదానిలో కిరోసిన్‌లో వేసి కనీసం 24 గంటలు ఉంచుతారు. కిరోసిన్‌లోదానికన్నా నీళ్లలోది ఎంత ఎక్కువ పెరిగితే అంత ఉబ్బే మట్టి. పొడి కలిపిన మట్టికీ ఇదే పరీక్ష, దాంతోపాటు సల్ఫేట్ పరీక్ష కూడా అడగండి.