ఆ గూడబాతులది సైబీరియా కాదు

ఏటా చలి మొదలవగానే ఒక మెసేజ్ తిరగడం మొదలవుతుంది. చెట్టు నిండా పెద్ద పెద్ద పక్షులున్న ఫొటో, దాని కింద నాలుగు వాక్యాలు: "సైబీరియా నుంచి వేల కిలోమీటర్లు ఎగిరొచ్చిన అతిథులు. అక్కడి చలికి తట్టుకోలేక మన చెరువులకు వస్తాయి. ఇక్కడే గుడ్లు పెట్టి పిల్లల్ని చేస్తాయి. పిల్లలకు రెక్కలు రాగానే వాటిని వెంటబెట్టుకుని సైబీరియా వెళ్లిపోతాయి." ఒకసారి నేలపట్టు అని ఉంటుంది, ఒకసారి కొల్లేరు, ఇంకోసారి తేలినీలాపురం లేదా ఉప్పలపాడు. అన్నీ ఆంధ్రప్రదేశ్‌లో పక్షులు గూళ్లు కట్టే చోట్లే. ఊరు మారుతుంది గానీ కథ మారదు. పంపేవాళ్లు ఆ పక్షుల మీద ఇష్టంతోనే పంపుతారని నాకు తెలుసు. అయినా ఆ కథ తప్పు, ఆ తప్పు వల్ల పక్షులకు నష్టం కూడా ఉంది.

"సైబీరియా నుంచి ఎగిరొచ్చాయి" అన్న మాట దగ్గరే మొదలుపెడదాం. ఫొటోలో ఉన్నది ఏ పక్షో ముందు చూడాలి. పొడవాటి ముక్కు కింద సంచి ఉంటే అది గూడబాతు. పసుపు ముక్కు, నారింజ రంగు ముఖం, తోక దగ్గర గులాబీ ఈకలు ఉంటే ఎర్రకాళ్ల కొంగ. ఈ నాలుగు చోట్లా చెట్ల మీద గూళ్లు కట్టే పెద్ద పక్షులు ముఖ్యంగా ఇవే. మన గూడబాతు పై ముక్కు వెంట చుక్కలుంటాయి, అందుకే స్పాట్ బిల్డ్ పెలికాన్ అంటారు. అది పిల్లల్ని పెంచేది భారత్, శ్రీలంక, కంబోడియా లాంటి దేశాల్లో. సైబీరియాలో ఈ జాతి లేనే లేదు. ఎర్రకాళ్ల కొంగ కూడా అంతే, దక్షిణాసియా, ఆగ్నేయాసియాల పక్షి.

ఇది కొత్తగా తెలిసిన విషయమేమీ కాదు. పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడులో గూడబాతుల గూళ్ల గురించి పక్షి పరిశీలకుడు కె.కె. నీలకంఠన్ 1940ల్లోనే రాశారు.

మరి ఎండాకాలంలో అవి కనిపించవేం అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. చెరువు ఎండితే చేపలుండవు, చేపలు లేని చోట గూడబాతు ఉండదు. నీళ్లున్న ఇంకో చెరువుకో, రిజర్వాయరుకో, ఉప్పుకయ్యకో చెదిరిపోతాయి. ఊళ్లో కనిపించనంత మాత్రాన దేశం దాటినట్టు కాదు.

ఇక "ఇక్కడ గుడ్లు పెట్టి, పిల్లల్ని తీసుకుని సైబీరియా వెళ్తాయి" అన్న మాట. మొత్తం మెసేజ్‌లో అన్నిటికంటే పెద్ద తప్పు ఇదే. నిజంగా ఉత్తరం నుంచి వలస వచ్చే బాతులు, బురద అంచున తిరిగే ఉల్లంకి పిట్టలు ఇక్కడికి వచ్చేది తిండికి. గూడు కట్టేది, గుడ్లు పెట్టేది వేసవిలో, వాటి ఉత్తరాది నేలల మీద. అక్కడ జూన్, జూలైల్లో పొద్దు చాలాసేపు ఉంటుంది, పురుగులు కుప్పలుగా పుడతాయి, పిల్లలకు అదే మేత. అందుకే ఒక్క చూపుతో తేల్చుకోవచ్చు: ఈ చలికాలంలో మన చెరువు చెట్టు మీద గూట్లో పిల్లతో కూర్చున్న పక్షి సైబీరియాది కాదు.

గూడబాతు లెక్క వేరు. నేలపట్టులో ఈశాన్య రుతుపవనాల వానలకు చెరువు నిండుతుంది, నీళ్లలో నిలబడే, కడప అని పిలిచే చెట్ల మీద గూళ్లు పడతాయి. గుడ్లు పొదగడానికి నెల, పిల్ల ఎగరడానికి ఇంకో మూడు నెలల పైన. అంతకాలం దాని నోటికి చేపలు అందాలి. అంటే మన వానల మీద, మన చెరువుల నీటి మట్టం మీద ఆధారపడి ఆ తల్లి గుడ్డు పెడుతోంది.

సైబీరియా నుంచి అసలేవీ రావా? వస్తాయి, వాటి ఫొటో ఎవరూ పంపరు. పులికాట్ సరస్సు బురద అంచున గబగబా పరిగెత్తే లిటిల్ స్టింట్‌ను చూడండి. దాదాపు పిచ్చుకంత పిట్ట, ఆర్కిటిక్ తీరపు నేలల్లో పుట్టి ఇక్కడిదాకా వస్తుంది. కర్లూ శాండ్‌పైపర్ కూడా అక్కడిదే. సూదితోక బాతుల్లోనూ ఆ వైపు నుంచి వచ్చేవి ఉన్నాయి. తల వెనక రెండు నల్ల చారలుండే బార్ హెడెడ్ గూస్ మాత్రం టిబెట్, మంగోలియా వైపు నుంచి హిమాలయాలు దాటి వస్తుంది. ట్రాన్స్‌మిటర్ కట్టి చూస్తే 7,000 మీటర్ల పైన కూడా ఎగిరినట్టు తేలింది. ఆశ్చర్యపోవాలంటే వీటిని చూసి పోవాలి! పేరులోనే సైబీరియా ఉన్న సైబీరియన్ క్రేన్ ఒకప్పుడు రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌కు వచ్చేది. అక్కడ చివరి జంట కనిపించింది 2001-02 చలికాలంలో.

ఫ్లెమింగోలనూ ఇదే కథలో కలిపేస్తారు. మన దేశంలో వాటి పెద్ద పుట్టిల్లు గుజరాత్‌లోని కచ్ రణ్. అక్కడ ఉప్పు బురదను కుప్పగా పోసి, దాని మీద ఒక్క గుడ్డు పెడతాయి.

"చలికి తట్టుకోలేక" అన్నది సగం నిజం. ఈకలున్న బాతుకు చలి కంటే ఆకలి పెద్ద శత్రువు. నీళ్లు గడ్డకడితే తిండి దొరకదు, అందుకే ముందే బయల్దేరుతుంది.

ఇక "అతిథులు" అన్న మాట. నాకు బాధ కలిగించేది ఇదే. అతిథి అనుకుంటే, ఈ ఏడు రాకపోతే అక్కడే ఏదో అయ్యుంటుందనుకుంటాం. చెరువు పూడ్చినా, గూళ్లుండే చెట్టు కొట్టినా మనకు సంబంధం తట్టదు. కొల్లేరును 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. కొల్లేటి ఆటపాకలో గూళ్లు కట్టే గూడబాతుకు కొల్లేరు విడిది కాదు, పుట్టిన ఊరు.

ఫొటో కోసం గూళ్ల చెట్టు కిందిదాకా వెళ్లేవాళ్లకు ఒక్క మాట. మీరు దగ్గరికి రాగానే తల్లి లేచిపోతుంది. ఈకలు రాని పిల్ల ఎండకు మాడుతుంది, కాకి వచ్చి పక్క గూట్లో గుడ్డు ఎత్తుకుపోతుంది. బైనాక్యులర్స్‌తో గట్టు మీద నుంచే చూడండి, ముక్కు మీది చుక్కలు అక్కడినుంచి కూడా కనిపిస్తాయి.