హిప్‌హాప్‌లో ఒంటరి వీరుడు ఎక్కడున్నాడు?

వాట్సాప్ గ్రూపుల్లోనూ, కాలేజీల్లో పెట్టే వ్యక్తిత్వ వికాస తరగతుల్లోనూ ఒక సందేశం చాలాకాలంగా తిరుగుతోంది. చెప్పేవాళ్లు మారినా సారాంశం మారదు. "హిప్‌హాప్ గాయకులను చూసి నేర్చుకోండి. ఎవరి సాయమూ లేకుండా మురికివాడల నుంచి పైకొచ్చారు. నాయకుడంటే మైకు పట్టుకుని అందరికంటే ముందు నిలబడేవాడు. వాళ్లు సంపాదించిన డబ్బే దానికి రుజువు. ఆలోచన మార్చుకున్నారు, బతుకు మారిపోయింది. మిమ్మల్ని వెనక్కి లాగే పాత స్నేహాలను ఈ రోజే తెంచుకోండి."

హిప్‌హాప్‌లో, అంటే డ్రమ్ముల లయ మీద మాటలు గుప్పించే (దాన్నే రాప్ అంటారు) ఈ సంగీతంలో, నాయకత్వం గురించి, మనిషి మారడం గురించి నేర్చుకోదగ్గది చాలా ఉందని నేనూ నమ్ముతాను. అందుకే ఈ సందేశం నన్ను బాధపెడుతుంది. ఇందులో ఒక్కో వాక్యం ఆ సంగీతం నిజంగా నేర్పినదానికి ఎదురుదిక్కులో నడుస్తోంది. పైగా ఇది విని ఇంటికెళ్లే పిల్లవాడు, పైకి రాలేకపోతే తప్పు తన బుర్రదేననుకుంటాడు. అందుకని ఒక్కో మాటా తీసుకుని జవాబు చెబుతాను.

ముందుగా "ఎవరి సాయమూ లేకుండా" అన్న మాట. హిప్‌హాప్ పుట్టినరోజుగా చెప్పుకునే తేదీ 1973 ఆగస్టు 11. న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్‌లో, 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ అపార్టుమెంటులో, అందరూ వాడుకునే హాల్లో ఆ రాత్రి ఒక పార్టీ జరిగింది. రికార్డులు తిప్పినవాడు డీజే కూల్ హెర్క్. అసలు పేరు క్లైవ్ క్యాంప్‌బెల్, జమైకా నుంచి వలస వచ్చిన కుటుంబం, అప్పటికి 18 ఏళ్లు. ఆ పార్టీ పెట్టాలన్న ఆలోచన మాత్రం చెల్లెలు సిండీది. బడులు తెరిచేలోపు కొత్త బట్టలకు డబ్బు కావాలనుకుంది. ఆడపిల్లలకు 25 సెంట్లు, మగపిల్లలకు 50 సెంట్లు అని టికెట్ పెట్టి, చేత్తో రాసిన కార్డులు పంచి జనాన్ని పిలిచింది. స్పీకర్లు, ఆంప్లిఫయర్ నాన్నవి. మైకులో పేర్లు పిలుస్తూ జనాన్ని హుషారు చేసింది స్నేహితుడు కోక్ లా రాక్. ఆ భవనం కూడా సర్కారు రాయితీతో సామాన్య ఆదాయాల కుటుంబాల కోసం కట్టినది. ఆ ఇళ్లూ, ఆ హాలూ లేకపోతే ఆ రాత్రే లేదు.

ఇందులో హెర్క్ గొప్పతనమేమీ తగ్గదు. ఆయన చేసిన పని చూడండి. పాట మొత్తం సాగుతున్నంతసేపూ గోడకు ఆనుకుని నిలబడిన పిల్లలు, గొంతులు ఆగి ఉత్త డ్రమ్ములు మోగే ఆ కొన్ని సెకన్లకే ఎగిరి మధ్యలోకి వస్తున్నారని గమనించాడు. అదే రికార్డువి రెండు కాపీలు రికార్డులు తిప్పే రెండు టర్న్‌టేబుళ్ల మీద పెట్టి, ఆ ముక్కను మళ్లీ మళ్లీ సాగదీశాడు. బ్రేక్ డాన్స్‌కు ఆ పేరు వచ్చింది ఆ ముక్క వల్లే. తన మాట వినిపించుకోవాలన్న తాపత్రయం కంటే ఎదుటివాళ్ల కాళ్లను గమనించే ఓపిక అక్కడ ఎక్కువ కనిపిస్తుంది నాకు. నాయకత్వం మీద తరగతి పెట్టేవాళ్లు మొట్టమొదట చెప్పాల్సింది ఇదే.

మరి కొందరి సంగతి కూడా అంతే. గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ అనే మరో డీజే చేతికి ఎలక్ట్రానిక్స్ అబ్బింది బ్రాంక్స్‌లోని ప్రభుత్వ వొకేషనల్ హైస్కూల్లో. రెండు రికార్డుల శబ్దాన్ని కలిపే మిక్సర్‌ను తనకు కావలసినట్టు మార్చుకోగలిగాడంటే ఆ చదువు పుణ్యమే. ఒంటరి పోరాటానికి అందరూ ఉదాహరణగా చూపించే జే-జీ పెరిగింది బ్రూక్లిన్‌లోని మార్సీ హౌసెస్ అనే ప్రభుత్వ గృహ సముదాయంలో. జాజ్-ఓ అనే సీనియర్ రాపర్ అతన్ని వెంట తిప్పుకుని నేర్పాడు. పెద్ద రికార్డు కంపెనీలు తలుపులు మూసిన మాట నిజమే. అప్పుడు సొంత కంపెనీ పెట్టినవాళ్లు ముగ్గురు: జే-జీ, డేమన్ డాష్, కరీమ్ బర్క్. 1996లో మొదటి ఆల్బం బయటికొచ్చింది ఆ ముగ్గురి కష్టంతో. మిగతా ఇద్దరి పేర్లు మన ప్రసంగాల్లో ఎప్పుడైనా విన్నారా?

ఇంకొక వైపు కూడా ఉంది. బ్రాంక్స్ మురికివాడలా మారింది అక్కడివాళ్ల ఆలోచనా విధానం బాగోలేక కాదు. పేటల మధ్యలోంచి క్రాస్ బ్రాంక్స్ ఎక్స్‌ప్రెస్‌వే వేసి వేల కుటుంబాలను లేపేశారు. బీమా డబ్బు కోసం కొందరు యజమానులు తమ భవనాలను తామే తగలబెట్టించారు. అవి కాలుతున్న రోజుల్లోనే నగరపాలక సంస్థ ఖర్చు తగ్గించుకోవడానికి అగ్నిమాపక దళాలను ఎత్తేసింది. ఇవేవీ చెప్పకుండా "మురికివాడ నుంచి పైకొచ్చారు" అంటే, ఆ వాడను అలా చేసినవాళ్లందరినీ వదిలేసినట్టే.

ఇక నాయకుడంటే ముందు నిలబడేవాడన్న మాట. దీనికి జవాబు కోసం హెర్క్ పార్టీకి రెండేళ్ల వెనక్కి వెళ్లాలి. 1971 డిసెంబరులో బ్రాంక్స్ వీధులు గ్యాంగుల చేతుల్లో ఉన్నాయి. గెట్టో బ్రదర్స్ అనే గ్యాంగులో బ్లాక్ బెంజీ అని పిలిచే కార్నెల్ బెంజమిన్ శాంతి దూత. రెండు గుంపుల గొడవ ఆపడానికి వెళితే అతన్నే కొట్టి చంపేశారు. ప్రతీకారానికి కుర్రాళ్లంతా సిద్ధమయ్యారు. నాయకుడు బెంజీ మెలెండెజ్ సరేనని ఉంటే ఊరు ఊరంతా తగలబడేది. అతను చనిపోయినవాడి తల్లి దగ్గరికి వెళ్లాడు. తన కొడుకు శాంతి కోసమే బతికాడు, పగ వద్దు అంది ఆమె. ఆ మాట పట్టుకుని డిసెంబరు 8న హో అవెన్యూలోని బాయ్స్ క్లబ్బులో డజన్ల కొద్దీ గ్యాంగులను ఒకచోట కూర్చోబెట్టి సంధి కుదిర్చారు. సంధి అన్ని వైపులా నిలబడలేదు, గొడవలు పూర్తిగా ఆగలేదు. అయినా ఒక పేటవాడు ఇంకో పేటలో పార్టీకి వెళ్లి ప్రాణాలతో తిరిగి రావడం అన్నది మెల్లగా సాధ్యమైంది. రెండేళ్లకు హిప్‌హాప్ పుట్టడానికి నేల అక్కడ తయారైంది. ఆ రోజు నాయకత్వం చేసింది ఎవరని అడిగితే నేను ముందు ఆ తల్లి పేరే చెబుతాను. ఆవిడ చేతిలో మైకు లేదు.

1982లో వచ్చిన 'ది మెసేజ్' సంగతి మరీ ఆశ్చర్యం. పేదరికం గురించి రాప్ గట్టిగా మాట్లాడగలదని లోకానికి చూపించిన రికార్డు అది. మీద ఉన్న పేరు గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ అండ్ ద ఫ్యూరియస్ ఫైవ్. ఫ్లాష్ చెయ్యి మాత్రం అందులో లేదు. ఎక్కువ భాగం రాసింది ఎడ్ ఫ్లెచర్ అనే స్టూడియో వాద్యకారుడు, చివరి చరణం మెలీ మెల్‌ది. డాన్స్ చేద్దామని వచ్చినవాళ్లకు ఈ ఏడుపు ఎందుకని గ్రూపువాళ్లు వెనకాడితే, పట్టుబట్టి చేయించింది కంపెనీ నడిపిన సిల్వియా రాబిన్‌సన్.

వూ-టాంగ్ క్లాన్ అనే రాప్ బృందాన్ని వదిలి ఈ విషయం ముగించలేను. 1991లో, ఆ బృందం పుట్టకముందు, రిజా, జిజా అనే రాపర్లిద్దరూ వేర్వేరు కంపెనీల దగ్గర ఒంటరిగా ప్రయత్నించారు. ఇద్దరూ దెబ్బతిన్నారు. ఆ తర్వాత రిజా తనతో కలిపి తొమ్మిది మందిని కూడగట్టి, అయిదేళ్లు పగ్గాలు తనకు ఇవ్వమని అడిగాడు. 1993లో మొదటి ఆల్బం వచ్చింది. దాని వెనకున్న ఒప్పందం నాకు ఆల్బమంత ఇష్టం. గ్రూపుగా లౌడ్ రికార్డ్స్‌తో సంతకం చేస్తూనే, సభ్యులు ఎవరికి వారు వేరే కంపెనీలకు సొంతంగా పాడుకునే హక్కు రాయించుకున్నారు. మెథడ్ మ్యాన్ డెఫ్ జామ్‌కు, ఓల్ డర్టీ బాస్టర్డ్ ఎలెక్ట్రాకు, జిజా గెఫెన్‌కు వెళ్లారు. ఒకరికి పేరొస్తే మిగతావాళ్ల రికార్డులూ అమ్ముడయ్యాయి. తన మనుషులు తనను దాటి ఎదిగే దారిని ముందే కాగితం మీద పెట్టిన నాయకుడు రిజా. తర్వాత డబ్బు దగ్గర వాళ్లలో వాళ్లకు తగాదాలు వచ్చాయి, అదీ దాచక్కర్లేదు. కానీ తొమ్మిది మంది వెలిగింది ఆ ఏర్పాటు వల్లే.

ముందు నిలబడినవాడినే కొలిస్తే ఏమవుతుందో కూడా ఈ చరిత్రలోనే ఉంది. జూలూ నేషన్ అనే హిప్‌హాప్ సంస్థను స్థాపించిన డీజే ఆఫ్రికా బంబాటాను దశాబ్దాలపాటు గురువుగా పూజించారు. చిన్నతనంలో ఆయన తమపై లైంగిక దాడి చేశాడని 2016లో పలువురు బయటికొచ్చి చెప్పారు. ఆయన కాదన్నాడు. ఆ సంస్థ మొదట కొట్టిపారేసి, అదే ఏడాది బాధితులకు క్షమాపణ చెబుతూ బహిరంగ లేఖ రాసింది. నాయకుడిని ప్రశ్నించే వీలు లేని చోట మొదట నలిగేది పిల్లలే. నాయకత్వం నేర్పే తరగతిలో ఈ మాట రాకపోతే ఆ తరగతి ప్రమాదకరం.

డబ్బే రుజువన్నదానికి ఒక్క సంగతి చాలు. 2011లో కూల్ హెర్క్ జబ్బుపడితే ఆరోగ్య బీమా లేక, వైద్యం ఖర్చుకు అభిమానులను సాయం అడగాల్సి వచ్చింది. డబ్బుతో కొలిస్తే హిప్‌హాప్‌కు ప్రాణం పోసినవాడే ఓడిపోయినట్టు. ఆ కొలబద్దను నేను ఒప్పుకోను.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమైనది, "ఆలోచన మార్చుకున్నారు, బతుకు మారిపోయింది" అన్నది. మార్పు అంత శుభ్రంగా జరిగిన కథ హిప్‌హాప్‌లో నాకు కనబడలేదు. కేఆర్ఎస్-వన్ అనే రాపర్ కుర్రతనంలో ఇల్లు లేక బ్రాంక్స్‌లోని ఒక షెల్టర్‌లో ఉండేవాడు. అక్కడ సామాజిక కార్యకర్తగా పనిచేసే స్కాట్ స్టెర్లింగ్ రాత్రిళ్లు డీజే. స్కాట్ లా రాక్ అన్న పేరుతో రికార్డులు తిప్పేవాడు. ఇద్దరూ కలిసి 1987లో ఆల్బం చేశారు. అట్ట మీద ఇద్దరి చేతుల్లో తుపాకులు. అదే ఏడాది ఆగస్టులో, తమ బృందంలోని డీ-నైస్ అనే కుర్రాడి గొడవ సర్దడానికి వెళ్లిన స్కాట్‌ను కాల్చి చంపారు.

ఆ చావు తర్వాత కేఆర్ఎస్-వన్ తనను తాను టీచర్ అని చెప్పుకోవడం మొదలుపెట్టాడు. స్టాప్ ద వయొలెన్స్ అనే ఉద్యమం లేవదీశాడు. 1989లో పబ్లిక్ ఎనిమీ, ఎమ్‌సీ లైట్, హెవీ డీ లాంటివాళ్లందరితో కలిసి హింసకు వ్యతిరేకంగా ఒక పాట చేశాడు. వచ్చిన డబ్బు నేషనల్ అర్బన్ లీగ్ అనే నల్లజాతివాళ్ల హక్కుల సంస్థకు ఇచ్చారు. ఆ పాట నిర్మాణంలో డీ-నైస్ ముఖ్యుడు. ఎవరి గొడవ సర్దబోయి స్కాట్ పోయాడో ఆ కుర్రాడు. ఈ ఒక్క విషయం తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. అయితే ఇదే కేఆర్ఎస్-వన్ 1992లో, పీఎమ్ డాన్ అనే రాప్ బృందం గాయకుడు ప్రిన్స్ బీ తన మీద ఏదో వ్యాఖ్య చేశాడన్న కోపంతో, ఆ బృందం పాడుతున్న వేదిక ఎక్కి అతన్ని కిందికి తోసేశాడు. శాంతి పాఠం చెప్పిన మూడేళ్లకే. దీంతో 1989 అబద్ధమైపోదు. మారిన మనిషి మళ్లీ జారతాడు, మళ్లీ లేవాలి, చుట్టూ ఉన్నవాళ్లు నిలదీస్తూ ఉండాలి. ఒక ఉదయం నిర్ణయంతో తేలే పని కాదిది.

బీస్టీ బాయ్స్ అనే రాప్ బృందం కథ ఇంకా పొడుగు. తొలి ఆల్బం వచ్చిన 1986 ప్రాంతంలో వాళ్ల ప్రదర్శనల్లో ఆడవాళ్లను పంజరాల్లో నిలబెట్టి ఆడించేవారు. అంతకుముందు, డ్రమ్ములు వాయించే కేట్ షెలెన్‌బాక్‌ను తమ బృందంలోంచి పక్కకు నెట్టేశారు. 1994లో ఆ బృందంలోని ఆడం యాక్ ఒక పాటలో, ఆడవాళ్లను చిన్నచూపు చూడటం ఇక ఆగాలి అని నేరుగా పాడాడు. 1999లో మరో సభ్యుడు ఆడం హొరోవిట్జ్, తమ మొదటి ఆల్బంనాటి మాటలకు స్వలింగ సంపర్కులను క్షమాపణ కోరుతూ పత్రికకు లేఖ రాశాడు. నన్ను ఎక్కువగా కదిలించింది వీటి మధ్య జరిగిన ఒక చిన్న పని. సొంతంగా రికార్డు కంపెనీ పెట్టుకున్నప్పుడు మొట్టమొదట తీసుకున్న బృందం లషస్ జాక్సన్. అందులో డ్రమ్మర్ కేట్. తోసేసినవాళ్లే చోటు ఇచ్చారు. మార్పు అన్న మాట వాళ్ల విషయంలో వాడగలుగుతున్నానంటే అందుకే. ఎవరికి హాని జరిగిందో వాళ్లకు ఏం తిరిగి ఇచ్చారన్న ప్రశ్న మన వ్యక్తిత్వ వికాస తరగతుల్లో వినిపించదు. అక్కడ మార్పు అద్దం ముందు మొదలై అద్దం ముందే ముగుస్తుంది.

చివరగా, "పాత స్నేహాలను తెంచుకోండి." మనిషిని కొట్టే, మత్తుకు లాగే సావాసం వదలమంటే ఎవరూ కాదనరు. కానీ ఈ సందేశం చెప్పేది అది కాదు. ఎదగని వాళ్లందరినీ వదిలెయ్యమంటుంది. రాపర్ నిప్సీ హసిల్‌ను తలుచుకుంటాను. లాస్ ఏంజెలెస్‌లో క్రెన్‌షా పేటవాడు, తండ్రి ఆఫ్రికాలోని ఎరిట్రియా నుంచి వచ్చాడు. కుర్రతనంలోనే గ్యాంగులో కలిశాడు. 2004లో తండ్రితో ఎరిట్రియా వెళ్లి కొన్ని నెలలుండి వచ్చాక తన చూపు మారిందని చెప్పుకునేవాడు. 2013లో ఒక మిక్స్‌టేప్‌ను, అంటే సొంతంగా విడుదల చేసుకునే పాటల సంకలనాన్ని, ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టి, దాని సీడీలు 1000 మాత్రం వేసి, ఒక్కొక్కటి 100 డాలర్లకు అమ్మాడు. పేరొచ్చాక ఊరు వదల్లేదు. చిన్నప్పుడు తిరిగిన స్లాసన్ వీధిలోనే 2017లో బట్టల దుకాణం తెరిచాడు, జైలు నుంచి వచ్చినవాళ్లకు పనిచ్చాడు. పేట పిల్లలు పని నేర్చుకోవడానికి భాగస్వామితో కలిసి ఒక చోటు ఏర్పాటు చేశాడు.

2019 మార్చి 31న అదే దుకాణం ముందు, తనకు తెలిసినవాడి చేతిలోనే కాల్పులకు గురై చనిపోయాడు. వయసు 33. మర్నాడు గ్యాంగు హింస తగ్గించే మార్గాల గురించి నగర పోలీసు అధికారులతో సమావేశం కావాల్సి ఉంది.

చూశారా, వదిలేసి ఉంటే బతికేవాడు అంటారు. బతికేవాడేమో. ఆ మాటను తేలిగ్గా తీసుకోను, చిన్న పిల్లలు తండ్రిని పోగొట్టుకున్నారు. అలా ఉండిపొమ్మని ఇంకొకరికి సలహా ఇచ్చే ధైర్యమూ నాకు లేదు. కానీ జైలు నుంచి వచ్చినవాళ్లకు అక్కడ జీతం దొరికింది. అందరూ వదిలేసి వెళ్లే పేటలో తుపాకులు తగ్గవు. ఆయన చనిపోయిన కొద్ది రోజులకే, ఏళ్లుగా పగలతో ఉన్న గ్యాంగులవాళ్లు ఒకే వీధిలో కలిసి నడిచారు.