కనీస ఖర్చుల పట్టిక గారూ, మా మిగులు ఎక్కడ పెట్టారు?

గౌరవనీయులైన కనీస ఖర్చుల పట్టిక గారికి,

నమస్కారాలు. నిన్న సాయం కోసం అర్జీ పట్టుకుని వెళ్తే, కౌంటర్లో ఆయన మా రాబడిలోంచి, నెలకు ఇంతుంటే ఇల్లు గడుస్తుందని మీరు చెప్పిన అంకె తీసేసి, "మీకు నెలనెలా మిగులుతోంది కదండీ" అన్నారు. ఇంత శుభవార్త మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ మిగులు ఎక్కడ పెట్టారో చెబితే వచ్చి తీసుకుంటాను.

మీ లెక్కలో ఎవరికీ పంటి నొప్పి రాదు. అద్దె మీరు ఎప్పుడో చూసిన చోటే ఆగి ఉంటుంది. అప్పుకి వడ్డీ ఉంటుందని మీకెవరూ చెప్పలేదు. ఇద్దరం పనికి పోతే పిల్లల్ని ఎవరో పుణ్యాత్ములు ఊరికే చూస్తారు.

మీ వంశమే అంత. 1899లో ఇంగ్లండ్‌లోని యార్క్ పట్టణంలో పేదల బతుకుల మీద సర్వే చేసిన రౌంట్రీ గారు గీసిన పేదరికపు గీత మీద బతికే కుటుంబం రైలూ బస్సూ ఎక్కకూడదు, పేపరు కొనకూడదు, దూరాన ఉన్న పిల్లలకు ఉత్తరం రాయకూడదు (స్టాంపు దండగ!), సంపాదించే మనిషి ఒక్క రోజు కూడా పని మానకూడదు. కానీ ఆయన పిసినారితనానికి ఓ కారణం ఉంది. ఇంత బిగించి లెక్కేసినా ఊళ్ళో దాదాపు 10 శాతం మందికి ఆ మాత్రం రాబడి కూడా లేదని తేల్చారు. ఇక ఎవరు నోరెత్తుతారు?

1960ల్లో అమెరికాలో పేదరికపు గీత లెక్కేసిన ప్రభుత్వ ఉద్యోగి మాలీ ఓర్షాన్‌స్కీ గారిదీ అదే దారి. చేతిలో డబ్బు ఆడనప్పుడు కొన్నాళ్లు నెట్టుకురావడానికి వేసిన తిండి ఖర్చు తీసుకుని మూడుతో హెచ్చవేశారు. 1955 సర్వేలో కుటుంబాలు రాబడిలో మూడో వంతు తిండికే పెట్టాయి మరి. ఎంతుంటే చాలో తేల్చలేకపోయినా, ఎంతైతే చాలదో చెప్పొచ్చు అన్నది ఆవిడ మాట. అక్కడి అధికారిక గీతకు ఇప్పటికీ ఆ లెక్కే పునాది, ధరల్ని బట్టి అంకె పెంచుతారంతే.

మీరేమో ఆ "చాలదు"ని చెరిపేసి "చాలు" అని రాసుకున్నారు. పేదలున్నారని ఒప్పించడానికి పుట్టి, వచ్చినవాళ్లని వెనక్కి పంపే ఉద్యోగంలో చేరారు. కొన్నాళ్లకని వేసిన లెక్కలో జన్మంతా ఉండమంటారేమిటండీ? సిగ్గనిపించదా?

మీ అంకె మీద ఒక్క నెల బతికి చూపించమని మిమ్మల్ని అడగను, మీకు కడుపు లేదు. మిమ్మల్ని చూసి సంతకం పెట్టే ఆయనకు ఉంది. ఆయన్ని బతకమనండి. నెల మధ్యలో పంటి నొప్పి కూడా రావాలి.

ఇట్లు,
ఒక అర్జీదారు