లాల్ పాస్‌పోర్టు అన్నయ్యకి ఆకుపచ్చ తమ్ముడు రాయునది

అన్నయ్యా,

ఢాకాలో మన బంగ్లాదేశ్ పాస్‌పోర్టుల్ని అచ్చేసే శాఖ ఒకటే. నీకు ఎర్రట్ట, దౌత్యవేత్తలు. నీలం వాడికి సర్కారు పనిమీద వెళ్లే ఉద్యోగులు. మిగిలిన జనమంతా నా పాలు. పెళ్లిసంబంధాలవాళ్లు మాత్రం నీ రంగే అడుగుతారు.

నీకోసం పిల్లలు పడే పాట్లు ఇన్నీ అన్నీ కావు. బీసీఎస్, అంటే మన సివిల్ సర్వీసు పరీక్ష, ప్రిలిమ్స్‌లో రెండు గంటలు, 200 ప్రశ్నలు, తప్పుకి అర మార్కు కోత. అది గట్టెక్కితే 900 మార్కుల రాతపరీక్ష, ఆపైన ఇంటర్వ్యూ. దరఖాస్తులు మూడు నాలుగు లక్షలు, ఫారిన్ క్యాడర్‌లో ఖాళీలు పాతిక ఉంటే పండగే. ఎంబీబీఎస్ చదివినవాళ్లు కూడా స్టెతస్కోపు పక్కన పడేసి మొదటి ఆప్షన్‌గా నిన్నే రాస్తారు. గెలిస్తే 2015 స్కేలులో తొమ్మిదో గ్రేడు, మూలవేతనం 22,000 టాకాలు. ఢాకా సేగున్‌బాగిచాలోని విదేశాంగ శాఖలో కూర్చుంటే సహాయ కార్యదర్శి, పరాయి దేశపు ఎంబసీలో దిగితే థర్డ్ సెక్రటరీ.

అందరూ జెనీవా కలగంటారు. నీ పైన పటారం సంగతి రియాద్‌లో తేలుతుంది. అక్కడ కౌంటర్ ముందు ఉండేది నా వరస. ఇకామా (అక్కడ ఉండే అనుమతి కార్డు) గడువు తీరినవాడు, పనిచ్చిన కఫీల్ చేతిలో పాస్‌పోర్టు పోగొట్టుకున్నవాడు, పేరు ఒక కాగితంలో ‘మొహమ్మద్’, ఇంకోదాంట్లో పొట్టిగా ‘ఎండీ’ అని పడ్డవాడు. ఈ చివరివాడిది చూడ్డానికి చిన్న తప్పే. కానీ గుర్తింపు కార్డుతో పేరు కలవకపోతే కొత్త పుస్తకం ఆగుతుంది, పుస్తకం లేక ఇకామా ఆగుతుంది, ఇకామా లేక పోలీసులకి దొరికితే ఇంటికి పంపేస్తారు. మనిషి పోతే ఇంకా నరకం: మరణ ధ్రువపత్రం, పోలీసు కాగితం, ఇంటివాళ్ల సమ్మతి, ఎంబసీ ఎన్‌ఓసీ, ఎంబామింగ్, ఆఖర్న కార్గో బుకింగ్. ఒక్కటి తగ్గినా శవం మార్చురీలోనే. ఈ ఎదురుచూపు కరీంనగర్, నిజామాబాద్ ఇళ్లకీ తెలుసు. పెట్టె ఢాకాలో దిగాక ఖననానికి 35,000 టాకాలిస్తారు. విందుల్లో నువ్వు ఈ లెక్క ఎత్తవులే.

నువ్వు పుట్టకముందే ఈ దేశానికి దౌత్యవేత్తలున్నారు. 1971 ఏప్రిల్ 18న కలకత్తాలో పాకిస్తాన్ డిప్యూటీ హైకమిషనర్ హుస్సేన్ అలీ, ఆ జెండా దించి బంగ్లాదేశ్ జెండా ఎగరేశాడు. అప్పటికి మెహెర్‌పూర్ మామిడితోటలో ప్రభుత్వం ప్రమాణం చేసి ఒక్కరోజు. ఆయన్ని అట్ట రంగు ఎవరూ అడగలేదు.

తర్వాత నిన్ను ఎంపీల జేబుల్లోకీ పంచారు. 2024 ఆగస్టులో పార్లమెంటు రద్దయ్యాక వాళ్లవన్నీ చెల్లవన్నారు, మాజీ ప్రధానిదీ కలిపి. కావాలంటే ఎర్రది అప్పగించి నా రంగు కోసం దరఖాస్తు పెట్టుకోవాలట. పెట్టుకోమను. వరస వెనకనుంచి మొదలవుతుంది, జిరాక్సులు రెండేసి తెచ్చుకోమని చెప్పు.

ఇట్లు,
నీ ఆకుపచ్చ తమ్ముడు