చేతుల తిమ్మిరి కంప్యూటర్ వాళ్ల జబ్బు కాదు

కార్పల్ టన్నెల్ సిండ్రోమ్, అంటే మణికట్టులో నరం నొక్కుకుని వేళ్లు తిమ్మిరెక్కే జబ్బు, అనగానే మన పత్రికలూ టీవీ ఆరోగ్య కార్యక్రమాలూ చూపించే బొమ్మ ఒక్కటే: ల్యాప్‌టాప్ ముందు కూర్చుని మణికట్టు పట్టుకున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఆ బొమ్మ కనిపించినప్పుడల్లా నాకు కోపం వస్తుంది. నేను ఆసుపత్రిలో నరాల పరీక్షలు చేసే టెక్నీషియన్‌ని. రోగులు దాన్ని కరెంటు పరీక్ష అంటారు. మా గది బయట బెంచీ మీద కూర్చునేవారిలో ఐటీ ఉద్యోగులు లేకపోలేదు. కానీ ఎక్కువమంది నలభై, యాభై ఏళ్ల ఆడవాళ్లు. మిషను కుట్టేవారు, హాస్టళ్లలో వంట చేసేవారు, బీడీలు చుట్టేవారు, నాలుగిళ్లలో అంట్లు తోమేవారు, "నేనేం పని చేయనమ్మా, ఇంట్లోనే ఉంటాను" అని చెబుతూనే పొద్దున లేచింది మొదలు చేతులకు తీరిక లేనివారు. "ఇది కంప్యూటర్ వాళ్లకు వచ్చేది కదమ్మా, నాకెందుకు వచ్చింది?" అని వాళ్లే నన్ను అడుగుతారు.

ఎందుకు రాకూడదు? ఇది అరుదైన జబ్బు కాదు. దక్షిణ స్వీడన్‌లో సాధారణ ప్రజల మీద చేసి 1999లో ప్రచురించిన అధ్యయనంలో, మణికట్టులోంచి వేళ్లకు వెళ్లే మీడియన్ అనే నరం పరిధిలో నొప్పి, తిమ్మిరి, మొద్దుబారడం ఉన్నాయని చెప్పినవారు 14.4 శాతం. అంటే దాదాపు ఏడుగురిలో ఒకరు. డాక్టరు పరీక్షలోనూ, నరాల పరీక్షలోనూ రెండింటిలో జబ్బు నిర్ధారణ అయినవారు 2.7 శాతం. వాళ్లు ఆసుపత్రికి వచ్చిన రోగులు కారు, మామూలు జనం. ఆ లెక్కన మన వీధిలో, మన బంధువుల్లో ఈ బాధ ఉన్నవారు ఒకరో ఇద్దరో తప్పకుండా ఉంటారు. మగవారికంటే ఆడవారిలో ఇది దాదాపు మూడు రెట్లు ఎక్కువని వైద్య గ్రంథాలు ఎప్పటినుంచో చెబుతున్నాయి.

మణికట్టు దగ్గర చిన్న చిన్న ఎముకలు అడుగున వంపుగా అమరి ఉంటాయి, వాటిపైన గట్టి పట్టీ లాంటి కణజాలం కప్పి ఉంటుంది. ఆ ఇరుకు సందులోంచి వేళ్లను ముడిచే తొమ్మిది స్నాయువులు (కండను ఎముకకు కలిపే తాళ్లు), వాటితో పాటు ఆ మీడియన్ నరం వెళ్లాలి. స్నాయువుల చుట్టూ ఉన్న పొర కాస్త ఉబ్బినా, ఒంట్లో నీరు చేరినా, ఎముక విరిగి వంకరగా అతుక్కున్నా లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడికి మొదట దెబ్బతినేది నరమే. బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు, ఉంగరపు వేలులో సగం తిమ్మిరెక్కుతాయి. చిటికెన వేలికి వేరే నరం, అది ఈ సందులోంచి పోదు. కాబట్టి చిటికెన వేలు బాగానే ఉండి మిగతా వేళ్లలో చీమలు పాకుతున్నట్టు ఉంటే అనుమానం మణికట్టు మీదికి వెళ్లాలి.

ఇక రాత్రి సంగతి. నిద్రలో మనకు తెలియకుండానే మణికట్టు ముడుచుకుంటుంది, లోపల ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. రెండు గంటలకో మూడు గంటలకో మెలకువ వచ్చి, లేచి కూర్చుని చేతులు విదిలించుకుంటారు. విదిలిస్తే కాస్త ఉపశమనం. ఇంతకంటే స్పష్టంగా ఏ జబ్బు తన ఆనవాలు చెబుతుంది? అయినా వీళ్లు మా దగ్గరికి రావడానికి ఏళ్లు పడుతుంది. ఒకరు రక్తం తక్కువని టానిక్ రాస్తారు. ఇంకొకరు మెడ నరం నొక్కుకుంది అని కాలర్ పెట్టిస్తారు. వీధి చివర మందుల షాపులో బి12 సూదులు వేయించుకుంటారు. ఎడమ చెయ్యి అయితే గుండె జబ్బేమో అని ఈసీజీ తీయించుకుని వస్తారు. మెడలో సమస్య, బి12 లోపం నిజంగా ఉండవచ్చు, కాదనను. కానీ "రాత్రి చేతులు విదిలించుకుంటారా?" అన్న ప్రశ్న ఎవరూ అడగకుండా ఇన్ని మందులు ఎలా రాస్తారన్నదే నా బాధ.

ముప్పు ఎవరికి ఎక్కువో వైద్యానికి తెలియనిదేం కాదు. మధుమేహం మొదటి వరసలో ఉంటుంది. కెనడాలో చేసి 2002లో ప్రచురించిన అధ్యయనంలో మధుమేహం లేనివారిలో 2 శాతం మందికి ఈ జబ్బు ఉంటే, మధుమేహం ఉండి నరాలు ఇంకా దెబ్బతిననివారిలో 14 శాతం, నరాలు దెబ్బతిన్నవారిలో 30 శాతం మందికి ఉంది. ఇప్పుడు మన దేశం లెక్క చూడండి. భారత వైద్య పరిశోధన మండలి సర్వే 2023లో చెప్పిన ప్రకారం దేశంలో మధుమేహం ఉన్నవారు 10 కోట్ల పైచిలుకు. షుగరు పరీక్షకు వెళ్తే ఈ మధ్య పాదాలు చూస్తున్నారు, మంచిదే. చేతుల గురించి అడిగేవారేరీ?

తర్వాత థైరాయిడ్. హార్మోను తగ్గితే కణజాలం ఉబ్బుతుంది, మణికట్టులోనూ ఉబ్బుతుంది. చేతుల తిమ్మిరితో వచ్చి, రక్తపరీక్షలో థైరాయిడ్ బయటపడినవారు ఎందరో. కీళ్లవాతం, స్థూలకాయం, మెనోపాజ్, పాత మణికట్టు విరుపు, కిడ్నీలు పాడై దీర్ఘకాలం డయాలసిస్ మీద ఉండటం, ఇవన్నీ ముప్పు పెంచేవే. కొందరికి పుట్టుకతోనే ఆ సందు ఇరుకు, తల్లికి ఉంటే కూతురికీ కనిపిస్తుంది. గర్భిణుల సంగతి మరీ విచిత్రం. నెలలు నిండుతున్నకొద్దీ ఒంట్లో నీరు చేరి చేతులు మొద్దుబారుతుంటే "కడుపుతో ఉన్నప్పుడు ఇవన్నీ మామూలే" అని ఇంట్లో పెద్దవాళ్లు కొట్టిపారేస్తారు. కాన్పు తర్వాత చాలామందికి తగ్గుతుంది, నిజమే. కానీ అప్పటిదాకా రాత్రుళ్లు నిద్ర లేకుండా ఎందుకు ఉండాలి? మణికట్టును నిటారుగా ఉంచే ఒక పట్టీ పెట్టుకుని పడుకుంటే ఎంతోమందికి హాయిగా ఉంటుంది. అది మందు కూడా కాదు, కడుపులో బిడ్డకు ఏమవుతుందో అన్న భయం అక్కర్లేదు.

పని వల్ల వచ్చే ముప్పు గురించి మాట్లాడితే నాకు మొదట గుర్తొచ్చేది నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వైపు బీడీలు చుట్టే ఆడవాళ్లు. ఒడిలో చాట, చేతిలో కత్తెర. తునికాకు కత్తిరించడం, తంబాకు పోసి చుట్టడం, దారం కట్టడం, మూతి ముడవడం. కూలి వెయ్యి బీడీలకు ఇంత అని లెక్క, కాబట్టి చెయ్యి ఆగితే కూలి ఆగుతుంది. బొటనవేలు, చూపుడు వేలు గట్టిగా ఒత్తిపట్టి, మణికట్టు వంచి, అదే కదలిక రోజంతా, ఏళ్ల తరబడి. చీమకుర్తి, కరీంనగర్ గ్రానైట్ క్వారీల్లో డ్రిల్లింగ్ మిషను పట్టుకునేవారిది ఇంకో రకం ముప్పు, ఆ కంపనం నేరుగా చేతుల్లోకి వెళ్తుంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010లో సవరించిన వృత్తి వ్యాధుల జాబితాలో ఈ జబ్బు పేరు స్పష్టంగా ఉంది. బలం పెట్టి పదేపదే చేసే పని, కంపనం, మణికట్టును విపరీతంగా వంచి చేసే పని కారణాలని అందులోనే రాశారు. అందులో కీబోర్డు మాట లేదు.

కీబోర్డు మీద నాకేమీ ప్రేమ లేదు, కక్షా లేదు. రోజంతా టైపు చేసేవారికి చేతులు నొప్పి పెట్టవచ్చు, ఆ నొప్పికీ వైద్యం అవసరమే. కానీ డెన్మార్క్‌లో వేలాది మంది కంప్యూటర్ ఉద్యోగులను పరిశీలించి 2003లో ప్రచురించిన అధ్యయనం, కీబోర్డు వాడకం ఈ జబ్బుకు ముఖ్య కారణంగా కనిపించలేదని తేల్చింది. మౌస్ ఎక్కువ గంటలు వాడేవారిలో లక్షణాలు కొంత ఎక్కువగా కనిపించాయి, అంతే. మరి మన ఆరోగ్య కథనాలన్నీ ఆఫీసు కుర్చీ ఎత్తు, మౌస్ ప్యాడ్ మెత్తదనం చుట్టూనే ఎందుకు తిరుగుతున్నాయి? చదివేవారు అక్కడ ఉన్నారు కాబట్టి, కొనేవారు అక్కడ ఉన్నారు కాబట్టి. బీడీల చాట ముందు కూర్చున్నామెకు ఎవరూ ఏమీ అమ్మలేరు.

పరీక్షకు భయపడి ఆగిపోకండి. వేళ్లకు తీగలు అంటించి, మణికట్టు దగ్గర చిన్న షాక్ ఇచ్చి, నరంలో సంకేతం ఎంత వేగంగా పోతోందో చూస్తాం. కాస్త చురుక్కుమంటుంది, అంతకుమించి ఏమీ కాదు. చేతులు చల్లగా ఉంటే నరం వేగం తగ్గినట్టు తప్పుడు లెక్క వస్తుంది, అందుకే ముందు వెచ్చబరుస్తాం. అయితే నా వృత్తే అయినా ఒక మాట చెప్పాలి: రిపోర్టు ఒక్కటే జబ్బు కాదు. ఆ స్వీడన్ అధ్యయనంలోనే ఏ లక్షణమూ లేనివారిలో 18 శాతం మందికి నరం నెమ్మదిగా ఉన్నట్టు తేలింది. రోగి చెప్పేది వినకుండా కాగితం చూసి ఆపరేషన్ అనడం ఎంత తప్పో, కాగితం బాగుందని రోగిని పంపేయడం అంతే తప్పు.

నన్ను నిజంగా కుంగదీసేది ఆలస్యంగా వచ్చేవారి చేతులు. బొటనవేలి కింద ఉబ్బుగా ఉండాల్సిన కండ చదునైపోయి ఉంటుంది. చీర పిన్ను పెట్టుకోలేరు, చేతిలో గ్లాసు జారిపోతుంది. షాక్ ఇస్తే ఆ కండ కదలదు. అంతదాకా పోయాక ఆపరేషన్ చేసినా పోయిన బలం పూర్తిగా రాకపోవచ్చు. అదే మొదట్లో వచ్చి ఉంటే రాత్రి పట్టీతో, షుగరు, థైరాయిడ్ అదుపుతో, అవసరమైతే ఒక స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో చాలామందికి నెమ్మదిస్తుంది. పట్టీ అంటే బిగుతుగా నొక్కే సాగే బ్యాండు కాదు, లోపల రేకు ఉండి మణికట్టును తిన్నగా నిలిపేది. వీటితో తగ్గకపోతే ఆపరేషన్ కూడా చిన్నదే. చేతికి మాత్రమే మత్తు ఇచ్చి, నరం మీద బిగిసిన ఆ పట్టీ కణజాలాన్ని కోసి వదులు చేస్తారు, అదే రోజు ఇంటికి పంపుతారు.

ఆపరేషన్ అనగానే వాళ్లు అడిగేది నొప్పి గురించి కాదు, ఖర్చు గురించి కూడా ఆ తర్వాతే. "వంట ఎవరు చేస్తారమ్మా?" అని. పిల్ల పరీక్షలు అయ్యాక చేయించుకుంటాను, పత్తి తీతలు అయ్యాక, కూతురి కాన్పు అయ్యాక అని వాయిదా వేస్తారు. పక్కనే నిలబడిన భర్త, కొడుకు నేల చూపులు చూస్తారు. కోసిన చేతిని కొన్ని వారాలు బరువుకు, పిండి కలపడానికి, బట్టలు పిండడానికి దూరంగా ఉంచాలి. ఆ కొన్ని వారాలు వంటగది మీరు చూసుకోండి. అన్నం, పప్పు వండటం రాకపోతే ఆమె పక్కన కుర్చీలో కూర్చుని చెబుతుంది.