నష్టం రేపటిది కాదు
వాతావరణ మార్పు దేశ ఆర్థిక వ్యవస్థను దెబ్బతీసేది రాబోయే తరాల కాలంలోనేనన్న ఒక వ్యాసకర్త అభిప్రాయంతో ఏకీభవించలేను. 2022 మార్చి, 1901 నుంచి మన దేశంలో నమోదైన మార్చి నెలలన్నింటిలోకీ అత్యంత వేడిగా గడిచింది. సరిగ్గా గింజ పాలు పోసుకునే దశలో ఎండ ముదరడంతో పంజాబ్, హర్యానాల్లో గోధుమ గింజ నిండకుండానే పండిపోయింది. మే 13న కేంద్రం గోధుమ ఎగుమతులను నిషేధించింది, ప్రభుత్వం రైతుల నుంచి సేకరించే గోధుమలో ముడుచుకుపోయిన గింజలు 6 శాతం మించరాదన్న నిబంధనను 18 శాతానికి సడలించవలసి వచ్చింది. ఆ వేసవిలో మరకు పంపడానికి కొన్న గోధుమలను (మాది అన్నం తినే ఇల్లే, రాత్రిపూట రెండు పుల్కాలు, అంతే) చేటలో పోస్తే చాలా గింజలు జీలకర్రలా సన్నగా కనిపించాయి. పట్టించి తెచ్చిన పిండిని జల్లిస్తే పైన పొట్టే ఎక్కువ మిగిలింది.