ఎనిమిది నెలల్లో పైలట్: ఒక రాత్రి తగువు

మా చెల్లి కీర్తన ఇంటర్ ఎంపీసీ అయిపోయి ఏడాదైంది. మన దేశంలో పైలట్ లైసెన్సులిచ్చే డీజీసీఏ పరీక్షల్లో నావిగేషన్, మెటియరాలజీ, రెగ్యులేషన్స్ మూడూ గట్టెక్కింది. ఇక ముఖ్యంగా మిగిలింది ఎగరడం నేర్చుకోవడం. ఆమె కన్ను అరిజోనాలోని ఒక ఫాస్ట్ ట్రాక్ స్కూలు మీద పడింది. ఎనిమిది నెలల్లో కమర్షియల్ లైసెన్సు ఇప్పిస్తామంటున్నారట. మా మేనమామేమో బేగంపేటలో ముప్ఫై ఏళ్లు సెస్నా అనే చిన్న శిక్షణ విమానాల ఇంజన్లు విప్పి బిగించిన మెయింటెనెన్స్ ఇంజనీరు. లోను ఫారం మీద సంతకం పెట్టబోయే ముందు నాన్న "మీ మామయ్యని ఒక మాట అడుగుదాం" అన్నాడు. ఆ ఒక్క మాట బోయినపల్లిలో ఆయనింట్లో పెసరట్ల దగ్గర మొదలై రాత్రి పదకొండు దాటింది.

ఒక్క విషయంలో మాత్రం ఇద్దరికీ తగువు లేదు: ముందు మెడికల్, తర్వాతే డబ్బు. మొదట క్లాస్ 2 సర్టిఫికెట్, దాని మీద క్లాస్ 1. రంగులు సరిగ్గా కనబడని కళ్లని ఏ స్కూలూ బాగుచేయలేదు. కీర్తనకి రెండూ వచ్చేశాయి కాబట్టి ఆ మాట నిమిషంలో తేలిపోయింది. మిగతాది ఇదీ.

కీర్తన: లెక్క సూటిగా చెప్తాను మామయ్యా. 50 లక్షల అప్పు, 11 శాతం వడ్డీ. వడ్డీయే నెలకి 45 వేల పైచిలుకు. ఇక్కడ ఏడాదిన్నర కోర్సని చేరిన మా సీనియర్ రెండేళ్లు దాటినా లైసెన్సుకి కావాల్సిన 200 గంటల ఫ్లయింగ్‌లో 140 దగ్గరే ఉంది. ఆ ఆలస్యానికి వడ్డీ ఎవరు కడతారు?

మామయ్య: మీ నాన్నే కడతాడు. వడ్డీ మాట నిజమే. కానీ అమ్మడూ, ఎనిమిది నెలలని నీకు చెప్పిందెవరు? ఫీజు పుచ్చుకునేవాడు.

కీర్తన: వాతావరణం కూడా చెప్తోందిగా. అక్కడ ఏడాదంతా దాదాపు ఎండే. ఇక్కడ జూన్ నుంచి సెప్టెంబరు దాకా వాన. వాన లేని రోజు ఎవరో వీఐపీ దిగుతున్నాడని బేగంపేటలో ఫ్లయింగ్ ఆపేవారని నువ్వే చెప్పావు.

మామయ్య: చెప్పాను. అయితే రేపు ఎయిర్‌లైన్‌లో చేరాక జూలైలో కొచ్చిలో దిగాలంటే అరిజోనా ఎండ మూటగట్టుకెళ్తావా? మబ్బుని చూసి, అంచనా వేసి వెనక్కి తిరగడం కూడా చదువే.

కీర్తన: స్టూడెంటుని మబ్బులోకి మీరెప్పుడు పంపారు మామయ్యా? మబ్బు పడితే విమానానికి తాడు కట్టి క్యాంటీన్లో టీ తాగేవాళ్లుగా. టీ తాగడం నేర్చుకోడానికి రెండేళ్లు ఎందుకు?

(మామయ్య నవ్వేశాడు. ఆ పాయింటు చెల్లిదే.)

మామయ్య: సరే, 200 గంటల సంగతికొద్దాం. డీజీసీఏ అడిగేది ఉత్త 200 కాదు. అందులో 100 గంటలు పీఐసీ, అంటే విమానానికి నువ్వే పెద్దదిక్కు. పీఐసీగానే 20 గంటలు క్రాస్ కంట్రీ, అంటే ఒక చోటి నుంచి ఇంకో చోటికి దూరప్రయాణం, అందులో ఒక ప్రయాణం 300 నాటికల్ మైళ్లకి తగ్గకూడదు, దారిలో రెండు వేరే చోట్ల పూర్తిగా దిగి ఆగాలి. రాత్రిపూట 5 గంటలు, 10 టేకాఫులు, 10 ల్యాండింగులు, అవీ పీఐసీగానే. నీ ఎనిమిది నెలల్లో ఇవన్నీ ఉన్నాయా?

కీర్తన: వాళ్లది పార్ట్ 141 స్కూలు, అంటే అమెరికా ప్రభుత్వం ఆమోదించిన సిలబస్‌తో నడిచేది, 190 గంటలకే అమెరికా లైసెన్సు వస్తుంది. ఆ ఆమోదం అక్కర్లేని పార్ట్ 61 అయితే 250 కావాలి. మన 200 కోసం ఇంకో పది గంటలు కొనుక్కుంటా, అంతేగా.

మామయ్య: ఎన్ని గంటలన్నది కాదు, ఏ రకం గంటలన్నది చూడు. అమెరికాలో ప్రైవేట్ లైసెన్సు చేతికొచ్చాక పక్క సీట్లో ఇన్‌స్ట్రక్టర్ కూర్చుని పాఠం చెప్తున్నా సరే, కంట్రోల్ నీ చేతిలో ఉన్నంతసేపూ లాగ్‌బుక్‌లో పీఐసీ అని రాసుకోవచ్చు. అక్కడి రూలే అది, దొంగతనమేం కాదు. ఇక్కడ ఆ గంటనే డ్యూయల్ అంటారు. మా హ్యాంగర్‌కి ఒక కుర్రాడొచ్చాడు, 230 గంటలు ఎగిరొచ్చానని. పెన్సిల్ పట్టుకుని ఒక్కో వరసా కొట్టేసుకుంటూ పోతే నికరంగా తేలిన పీఐసీ 81. తక్కువపడ్డ 19 గంటలూ మళ్లీ మా దగ్గర డబ్బు కట్టి ఎగిరాడు. మీ ఎనిమిది నెలల్లో ఆ 19 గంటలు ఎవరూ కలపరు.

కీర్తన: అతను అడక్క మోసపోయాడు. నేను డీజీసీఏ పట్టిక స్కూలుకి పంపి, దేని కింద ఎన్ని గంటలు ఇస్తారో కాగితం మీద రాయించుకుంటా.

మామయ్య: రాయించుకో. దాంతోపాటు ఇదీ అడుగు. 8 నెలల్లో 200 అంటే నెలకి 25 గంటలు. స్కూల్లో 40 మంది పిల్లలుంటే నెలకి 1000. ఒక సెస్నా 172 పొద్దున లేచింది మొదలు తిరుగుతూనే ఉంటే నెలకి 100 గంటలిస్తుంది, అదీ గొప్పే. అంటే రోజూ ఎగిరేవే 10 కావాలి. ప్రతి 100 గంటలకీ ఇన్‌స్పెక్షన్, కాబట్టి ఒక్కో విమానం నెలకోసారి కౌలింగ్, అంటే ఇంజన్ మీది మూత, విప్పుకుని నాలాంటివాడి ముందు కూర్చోవాల్సిందే. వాటికి బదులు ఇంకో రెండు. మొత్తం 12.

కీర్తన: వాళ్ల బ్రోచర్లో 14 ఉన్నాయి!

మామయ్య: బ్రోచర్లో ఉంటాయమ్మా. హ్యాంగర్ వెనక్కెళ్లి చూడు. ఒకటి టైర్లలో గాలిపోయి నేలకి అతుక్కుపోయి ఉంటుంది. వేగం కొలిచే పిటో ట్యూబు తొడుగు ఎర్రది ఎండకి వెలిసి తెల్లబడి ఉంటుంది. దాని ఇంజన్లో నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటో ఒక విమానానికి, ఆల్టర్నేటరు ఇంకో విమానానికి ఎప్పుడో వెళ్లిపోయాయి. ముక్కు దగ్గర పిచ్చుక గూడు. అదీ 14లో లెక్కే.

కీర్తన: అలాంటివి ఎక్కువున్నది ఇక్కడేగా? 2025లో డీజీసీఏ మొదటిసారి స్కూళ్లకి ర్యాంకులిస్తే ‘ఏ’ ఒక్కదానికీ రాలేదు. అన్నీ ‘బీ’లు, ‘సీ’లు. 2011లో గోవాలో ఒకావిడ, వెనక చక్రాల మీద దించాల్సిన విమానాన్ని ముక్కు చక్రం మీద దింపితే, తీగ లాగితే నకిలీ మార్కుల జాబితాలు బయటపడ్డాయి. ఎగరకుండానే పెన్నుతో రాసుకునే గంటలకి ‘పార్కర్ పెన్ గంటలు’ అని ముద్దుపేరు కూడా ఉందటగా మీ వాళ్లలో.

మామయ్య: ఉంది. అలాంటి లాగ్‌బుక్ చూసి సంతకం పెట్టనన్నందుకు నేను ఒక ఉద్యోగం మానుకోవాల్సి వచ్చింది, అది వదిలెయ్. ఇక్కడివాళ్లు మంచోళ్లని నేనెప్పుడన్నాను? ఇక్కడ మోసం జరుగుతుంటే నీకు కనబడుతుంది, పొద్దున్నే బస్సెక్కి వెళ్లి చూడొచ్చు. అక్కడైతే పొలం రాసిచ్చాక తెలుస్తుంది. 2008 ఫిబ్రవరిలో సిల్వర్ స్టేట్ హెలికాప్టర్స్ అని అమెరికాలో పెద్ద స్కూలు ఒక్కరోజులో గేట్లు మూసేసింది. రెండున్నర వేల మందికి పైగా పిల్లలు, చాలామంది తలా 70 వేల డాలర్ల దాకా అప్పుతో. కట్టించుకునేటప్పుడు మొత్తం ఒకేసారి కట్టించుకున్నారు. ఎగరాల్సిన గంటలు గాల్లో కలిసిపోయాయి.

కీర్తన: మొత్తం ముందే కట్టొద్దు, అంతేగా నీ మాట? అక్కడ ఎగిరిన గంటకి ఆ గంట డబ్బు కట్టే స్కూళ్లు కూడా ఉన్నాయి. ఇక్కడ అలా కట్టించుకునేవాళ్లని చూపించు.

మామయ్య: తక్కువే. (కాసేపు ఆగి) వాయిదాలకి ఒప్పుకునేవాళ్లున్నారు. ఇంకోటి, డీజీసీఏ ఆమోదమున్న కోర్సుకి ఇక్కడ జీఎస్టీ లేదని 2024లోనే కౌన్సిల్ తేల్చేసింది. ఎవరైనా వేస్తే అడుగు. వీసా సంగతేంటి? ఇలాంటి కోర్సులకిచ్చే ఎం-1 ఏడాదికేగా. దాటితే పొడిగింపు అడుక్కోవాలి. దాని మీద చదువుకుంటూ అక్కడ ఉద్యోగం చేసుకునే వీల్లేదు. ఎయిర్‌లైన్లో చేరాలంటే అక్కడ మామూలుగా 1500 గంటలు కావాలి. తిరిగి రావాల్సిందే, వచ్చి అమెరికా లైసెన్సుని మన లైసెన్సుగా మార్పించుకోవాల్సిందే.

కీర్తన: వస్తాను, అందుకే తొందర. ఇండిగో 2023లో ఒక్కసారే 500 విమానాలు ఆర్డరిచ్చింది. ఎయిర్ ఇండియా 470. డ్యూటీ టైం రూల్సు మారాక పైలట్లు చాలక 2025 డిసెంబరులో ఇండిగో వేల విమానాలు రద్దు చేసింది. ఇప్పుడు తలుపు తెరిచి ఉంది మామయ్యా.

మామయ్య: ఎక్కువ కొరత కెప్టెన్లకి. 200 గంటల పిల్లలు క్యూలో ఉన్నారు, చేతిలో టైప్ రేటింగ్, అంటే ఫలానా రకం పెద్ద విమానం నడిపే అనుమతి, కూడా లేకుండా. దానికి మళ్లీ లక్షలు. 2019లో జెట్ ఎయిర్‌వేస్, 2023లో గో ఫస్ట్ ఎయిర్‌లైన్లు ఆగిపోయినప్పుడు వేల గంటల అనుభవమున్నవాళ్లు వచ్చి అదే క్యూలో నిలబడ్డారు. అప్పుడు నీలాంటివాళ్లు ఎక్కడున్నారో తెలుసా? కాల్ సెంటర్లలో.

కీర్తన: అదే నేనూ అంటున్నా! క్యూ అన్నాక ముందు నిలబడ్డవాడికి ముందు పిలుపొస్తుంది. ఎయిర్‌లైన్లో కెప్టెన్ కావాలంటే సీనియారిటీ నంబరు. నేను ఏడాది ముందు చేరితే జీవితాంతం ఏడాది ముందుంటా. నువ్వు నిదానం నిదానం అంటున్న ఆ ఏడాదిని మళ్లీ ఎవరు తెచ్చిస్తారు?

మామయ్య వెంటనే జవాబివ్వలేదు. అత్తయ్య మజ్జిగ తెచ్చి పెట్టింది. (నాకు ఆ రాత్రి మొత్తంలో ఎదురులేని మాట ఇదే అనిపించింది. ఇప్పటికీ అలాగే అనిపిస్తుంది.)

మామయ్య: ఇవ్వలేం. నువ్వు తొందరపడు, వద్దనను. స్కూలు నిజంగా తొందరగా నడుస్తోందో, నడుస్తున్నట్టు చెప్తోందో తెలుసుకుని పడు. విమానంలో హాబ్స్ మీటరుంటుంది. చాలా విమానాల్లో ఇంజన్‌కి ఆయిల్ ప్రెషర్ రాగానే తిరగడం మొదలెడుతుంది, ఇంజన్ ఆపితే ఆగుతుంది. నీకు బిల్లేసేది దాన్ని చూసే. రద్దీ ఎయిర్‌పోర్టులో టేకాఫ్ కోసం లైన్లో నిలబడ్డ పావుగంటకి కూడా. స్కూల్లో ఉన్న ప్రతి విమానం హాబ్స్ అంకె ఇవాళ ఫొటో తియ్యి, వారం తర్వాత మళ్లీ తియ్యి. తేడాలన్నీ కూడి పిల్లల సంఖ్యతో భాగించు. వారానికి ఆరు గంటలకి దగ్గరగా వస్తే వాళ్లు చెప్పిన ఎనిమిది నెలలు నిజం. రెండొస్తే రెండేళ్లు.

కీర్తన అప్పటికే ఫోను తీసింది. ఆ స్కూల్లోనే చదువుతున్న తెనాలి అమ్మాయి ఒకామె ఆమెకి పరిచయం. ఇక్కడ రాత్రి పదకొండు, అక్కడ ఉదయం పదిన్నర. పది నిమిషాల్లో ఫొటోలు రావడం మొదలైంది. నల్లటి డబ్బాలో తెల్లటి అంకెలు, చివరి అంకె సగం తిరిగి ఆగిపోయి. మామయ్య కళ్లద్దాలు పెట్టుకుని ఎవరిదో పెళ్లి శుభలేఖ వెనక ఒక్కొక్కటే రాశాడు. తొమ్మిది వచ్చాయి. మిగతా అయిదింటి గురించి అడిగితే ఆ అమ్మాయి "చూసి చెప్తా అక్కా" అంది.

కీర్తన: వచ్చే శుక్రవారం మళ్లీ తీయమన్నాను. ఈలోగా ఇక్కడి స్కూలు కూడా చూద్దాం. రేపు ఆరింటికి వస్తావా?

మామయ్య: అయిదున్నరకి బయల్దేరు. ఆరింటికల్లా మొదటి విమానం పైకి లేవాలి. లేవకపోతే ఎందుకు లేవలేదో అడిగి అదీ రాసుకో.